గ్రీన్ కార్డు వదులుకునే ముందు పన్ను జాగ్రత్తలు

అమెరికా వదిలి హైదరాబాదుకో విజయవాడకో వచ్చేసినంత మాత్రాన అక్కడి పన్నుల శాఖ ఐఆర్ఎస్‌తో లెక్క తేలిపోదు. కార్డు గడువు తీరినా తేలదు. మీరుగా కార్డు వదులుకునే ఐ-407 ఫారం ఇచ్చేదాకా, లేదా ప్రభుత్వమో కోర్టో మీ హోదా రద్దు చేసేదాకా, సాధారణంగా ప్రపంచమంతటా వచ్చే ఆదాయం మీద అక్కడ రిటర్న్ వేయాల్సిందే.

ఫారం పంపే ముందు ఇవి చూసుకోండి.

• అన్నిటికన్నా ముందు సంవత్సరాలు లెక్కపెట్టండి. గత 15 పన్ను సంవత్సరాల్లో 8 సంవత్సరాలు కార్డు ఉంటే వదులుకున్న సంగతి, ఆస్తుల వివరాలు పన్నుల శాఖకు తెలిపే 8854 ఫారం తప్పదు. ఇక్కడే చాలామంది పప్పులో కాలేస్తారు: ఏడాదిలో ఒక్కరోజు కార్డు ఉన్నా అది పూర్తి సంవత్సరం కిందే లెక్క. 8 దగ్గర్లో ఉంటే జనవరి దాకా ఆగకుండా డిసెంబరులోనే పని ముగించడం మేలు.

• ఆ 8 నిండినవాళ్ల నికర ఆస్తి 20 లక్షల డాలర్లు చేరితే ఎగ్జిట్ ట్యాక్స్ (ఆస్తులు అమ్మేసినట్టు లెక్కగట్టి వేసే పన్ను) టెన్షన్ మొదలు. ఊళ్లోని పొలం, ఫ్లాటు విలువ కూడా కలపాలి. ఆస్తి తక్కువే అయినా, గత 5 ఏళ్ల పన్ను బాధ్యతలన్నీ సక్రమంగా తీర్చామని ధ్రువీకరించలేకపోతే అదే చిక్కు. పాత బాకీలు ముందే సరిచేసుకోండి.

• భారత్‌లోని ఖాతాలన్నీ కలిపి ఏడాదిలో ఎప్పుడైనా 10,000 డాలర్లు దాటితే విదేశీ ఖాతాల నివేదిక అయిన ఎఫ్‌బార్ వేయాలి.

• వదులుకున్న ఏడాదికి సాధారణంగా 1040-ఎన్ఆర్ (నివాసి కానివాళ్ల రిటర్న్), దానికి జతగా 1040 (నివాసుల రిటర్న్) వేయాలి. స్టాండర్డ్ డిడక్షన్ ఆశ పెట్టుకోకండి.

• ఐ-407 కాపీ, పంపిన రసీదు భద్రం. అక్కడ ఇల్లు అద్దెకిచ్చి వస్తే, ఆ అద్దెకు సాధారణంగా ఏటా 1040-ఎన్ఆర్ వేయాలి.