కిలోమీటర్లు తక్కువ, వయసు ఎక్కువ: పాత స్పోర్ట్స్ కారు కొనే ముందు జాగ్రత్తలు

ఇరవై ఏళ్ల నాటి స్పోర్ట్స్ కారు. మీటరులో 11,000 కిలోమీటర్లు. పెయింటు మెరుస్తోంది, సీట్ల మీద ముడత లేదు. అలాంటి బండి కంటపడగానే అడ్వాన్సు ఇచ్చేయాలనిపిస్తుంది. ఇవ్వకండి, వారం ఆగండి. బండి ఎంత దూరం తిరిగిందో మీటరు చెబుతుంది గానీ, ఎన్నాళ్లు కదలకుండా నిలబడిందో చెప్పదు. పిస్టన్లు, గేర్లు, బేరింగులు చాలావరకు తిరిగితే అరుగుతాయి. రబ్బరు, ఆయిలు, పెట్రోలు, ఆయిలు కారకుండా ఆపే సీళ్లు తిరగకపోయినా పాడవుతాయి. అమ్మేవాళ్లు మొదటిది చూపించి ధర అడుగుతారు, కొన్నాక మీ జేబు ఖాళీ చేసేది రెండోది.

అసలు ఈ బండి మీకెందుకు?

బండి చూడటానికి వెళ్లేముందే దీనికి జవాబు ఉండాలి. తక్కువ తిరిగిన బండికి మీరు అదనంగా ఇచ్చే డబ్బంతా మీటరు మీది అంకెకే. మీరు నడిపే ప్రతి కిలోమీటరూ ఆ అంకెను కరిగిస్తుంది. ఏడాదికి 5,000 కిలోమీటర్లు నడుపుదామనుకుంటే మూడేళ్లలో 11,000 కాస్తా 26,000 అవుతుంది. అప్పటికి అది అరుదైన బండి కాదు, మామూలు పాత బండి. నడపడానికే కొంటుంటే 60,000 నుంచి 80,000 కిలోమీటర్లు తిరిగి, ఏటా సర్వీసు చేయించిన బిల్లులన్నీ ఉన్న బండి తీసుకోండి. ధర తగ్గుతుంది, సీళ్లు ఆయిల్లో తడుస్తూ ఉంటాయి, సాధారణంగా వచ్చే లోపాలు ముందటి యజమాని హయాంలోనే బయటపడి బాగై ఉంటాయి. భద్రంగా దాచుకోవాలనుకునేవాళ్లకు తక్కువ కిలోమీటర్ల బండే సరైనది, కానీ వాళ్లు కూడా దాన్ని అప్పుడప్పుడూ రోడ్డెక్కించక తప్పదు. నడపాలనీ ఉంది, అంకె పెరగకూడదనీ ఉంది అంటే మాత్రం ఈ బండి మీకు సుఖమివ్వదు.

మీటరు నిజం చెబుతోందా?

ఒక్క కాగితం చాలదు, వరుస కావాలి. ప్రతి సర్వీసు బిల్లు, ప్రతి తనిఖీ పత్రం తేదీ ప్రకారం పేర్చి, పక్కన రీడింగు రాసుకోండి. ఏటా కొంచెం కొంచెం పెరిగిన అంకెలు మంచి గుర్తు. మధ్యలో ఆరేడేళ్లు ఒక్క కాగితమూ లేకపోతే ఆ కాలంలో బండి ఎక్కడుంది, ఎవరు స్టార్ట్ చేసేవారు, ఆయిలు ఎవరు మార్చారు అని అడగండి. ‘షెడ్డులో కవరు కప్పి ఉంచాం’ అంటే ఏడేళ్లపాటు ఎవరూ పట్టించుకోలేదనే అనుకోవాలి.

కొన్ని బండ్లలో ఇంజన్ కంప్యూటరు, ఇంజన్ ఎన్ని గంటలు నడిచిందో దాచుకుంటుంది. ఆ కంపెనీ బండ్లకు సరిపడే స్కానర్‌తో ఆ గంటలు చదివించి, కిలోమీటర్లను గంటలతో భాగించండి. 11,000 కిలోమీటర్లకు 300 గంటలు ఉంటే సగటున గంటకు దాదాపు 37 కిలోమీటర్లు, నమ్మొచ్చు. 1,400 గంటలు చూపిస్తే సగటు 8 కూడా రాదు. మీటరు వెనక్కి తిప్పారు, లేదా నిలబెట్టి ఇంజన్ ఆడిస్తూ ఉండేవారు. రెండూ చెడ్డవే. పోర్షా బండ్లలో ఇంజన్ పరిమితికి మించి తిరిగిన సందర్భాలు కూడా నమోదై ఉంటాయి, వాటినీ చదివించండి.

కంటికి కనిపించే సాక్ష్యాలు ఇంకా ఉన్నాయి. పెడల్ రబ్బర్ల గరుకు, స్టీరింగ్ తోలు మీద మెరుపు, డ్రైవరు ఎక్కిదిగే వైపు సీటు అంచు, తాళంచెవి అరుగుదల. అద్దాల మూలల్లో ఉండే తయారీ గుర్తులన్నీ ఒకే కాలానివి కావాలి. ఒక్క అద్దమే కొత్తదైతే ఎందుకు మార్చారో అడగండి. పెయింటు మందం కొలిచే మీటరు దొరికితే ప్రతి రేకు మీద నాలుగైదు చోట్ల చూడండి. కంపెనీ పెయింటు సాధారణంగా 90 నుంచి 150 మైక్రాన్ల మధ్య ఉంటుంది. ఒకే తలుపు 300 చూపిస్తే ఆ తలుపుకో కథ ఉంది.

టైర్లు చూడకుండా టెస్ట్ డ్రైవ్‌కు బయల్దేరకండి

టైరు పక్కన డాట్ అనే గుర్తు తర్వాత చివరి నాలుగంకెలు చదవండి. 2309 అంటే 2009లో 23వ వారం తయారైంది. 2000కి ముందు తయారైన టైర్లకు మూడంకెలే ఉంటాయి. గాడుల లోతు ఏడు మిల్లీమీటర్లు ఉన్నా, పగుళ్లు కనిపించకపోయినా, పదేళ్లు దాటిన టైరు పనికిరాదు. రబ్బరు గట్టిపడి తడి రోడ్డు మీద పట్టు వదిలేస్తుంది, వేగంలో పైపొర లోపలి పట్టీ నుంచి విడిపోవచ్చు. ‘ఒరిజినల్ టైర్లే ఉన్నాయి’ అని గర్వంగా చెప్పేవాళ్లుంటారు. అది ప్రదర్శనకు గొప్ప, ప్రయాణానికి ప్రమాదం. ఆ టైర్ల మీదే చూడాల్సి వస్తే గంటకు 50 దాటించకండి.

వయసు ఎక్కడెక్కడ దెబ్బ తీస్తుంది

వాల్వులను పిస్టన్లతో లయ తప్పకుండా నడిపించే టైమింగ్ బెల్టుతో మొదలుపెట్టాలి. బెల్టుకు కిలోమీటర్ల గడువు, ఏళ్ల గడువు రెండూ ఉంటాయి, ఏది ముందొస్తే అది. కదలని బండిలో బెల్టు ఒకే వంపులో ఏళ్ల తరబడి బిగుసుకుపోయి ఉంటుంది. పోర్షా 944 లాంటి ఇంజన్లలో అది తెగితే వాల్వులు పిస్టన్లకు తగిలి వంగిపోతాయి. ఫెరారీ ఎఫ్355లో బెల్టులు మార్చడానికి ఇంజన్ మొత్తం కిందికి దించాలి. తర్వాత వచ్చిన 360లో సీట్ల వెనక మూత తీసి ఆ పని చేయొచ్చు. పక్కపక్కనే నిలబెట్టిన ఈ రెండు బండ్ల నిర్వహణ ఖర్చులో ఎంత తేడా ఉంటుందో ఈ ఒక్క పనే చెబుతుంది. ‘బెల్టు మార్చి 2,000 కిలోమీటర్లే అయింది’ అన్న మాట వినకండి, మార్చిన తేదీ ఉన్న బిల్లు చూడండి. బెల్టును బిగువుగా ఉంచే టెన్షనర్లు, వాటర్ పంపు కూడా ఆ బిల్లులో ఉండాలి.

బెల్టు బదులు చైను ఉన్న ఇంజన్లకూ వాటి బాధలు వాటికున్నాయి. 1997–2008 మధ్య పోర్షా బాక్స్‌టర్, 911 కరెరా ఇంజన్లలో ఇంటర్మీడియట్ షాఫ్ట్ (చైన్లను తిప్పే లోపలి ఇరుసు) బేరింగు పేరుమోసిన లోపం. సీలు వేసిన బేరింగు అది. సీలు గట్టిపడ్డాక ఇంజన్ ఆయిలు లోపలికి చేరి గ్రీజును కడిగేస్తుంది, చేరిన ఆయిలు మళ్లీ బయటికి రాక అక్కడే నిలవ ఉండిపోతుంది. నిలవ నీటికి పాచి పట్టినట్టే. అందుకే ఈ ఇంజన్ల విషయంలో తక్కువ తిరగడం గొప్పేమీ కాదు. ఆయిల్ ఫిల్టరు కోసి మడతల్లో ఇనుప రజను వెతికించండి, కనిపిస్తే బేరం అక్కడితో ఆపేయండి. క్లచ్ విప్పినప్పుడు ఈ బేరింగు మార్చిన దాఖలా ఉంటే ఆ బండికి విలువ ఎక్కువ. ఆఖరి ఏళ్లలో వేసిన పెద్ద బేరింగు బలమైనదే, కానీ ఇంజన్ విప్పకుండా దాన్ని బయటికి తీయలేరు. అదే కాలపు 911 టర్బో, జీటీ3 ఇంజన్లు వేరే వంశం, వాటికి ఈ జబ్బు లేదు.

మాజ్డా ఆర్ఎక్స్-8 లాంటి రోటరీ బండిని (పిస్టన్ల బదులు మూడు ముఖాల రోటరు తిరిగే ఇంజన్ ఉన్నది) షెడ్డులోంచి బయటికి తీసి, కడిగి, మళ్లీ లోపల పెట్టి ఆపేయడమే దానికి పెద్ద హాని. చల్లటి ఇంజన్‌ను రెండు నిమిషాల్లో ఆపితే పెట్రోలు నిండిపోతుంది, మసి పేరుకుంటుంది. ఇంజన్ లోపల గాలి ఎంత ఒత్తిడికి నొక్కుకుంటుందో కొలిచే మామూలు కంప్రెషన్ గేజి రోటరీకి పనికిరాదు. రోటరు మూడు ముఖాలకూ విడివిడిగా లెక్క చూపే మీటరు ఉన్నవాళ్లతోనే పరీక్ష చేయించండి.

పెట్రోలు కొన్ని నెలలకే చెడిపోవడం మొదలవుతుంది. ఇథనాల్ కలిపినదైతే గాలిలో తేమను పీల్చుకుంటుంది, నీరు విడిపోయి ట్యాంకు అడుగున చేరుతుంది. ట్యాంకు మూత తీసి వాసన చూడండి, వార్నిష్ వాసన వస్తే ట్యాంకు, పంపు, ఇంజెక్టర్లు లెక్కలో వేసుకోవాల్సిందే. పెట్రోలు హోసుల విషయంలో మాత్రం రాజీ పడకండి. ఇంజన్ సీట్ల వెనక ఉండే బండ్లలో ఎండిన హోసు పగిలి కారితే వేడి ఎగ్జాస్టు పక్కనే ఉంటుంది. బండి తగలబడటానికి అంతకన్నా ఏమీ అక్కర్లేదు.

బ్రేక్ ఆయిలు కూడా తేమ పీలుస్తుంది. కొత్త డాట్ 4 రకం బ్రేక్ ఆయిలు కనీసం 230 డిగ్రీల దాకా మరగకూడదు, తేమ పట్టాక ఆ హద్దు 155 డిగ్రీలకు పడిపోతుంది. ఘాట్ రోడ్డు దిగుతుంటే పెడల్ మెత్తబడిపోయేది అందుకే. కాలిపర్ల పిస్టన్లు తుప్పు పట్టి బిగుసుకుపోయి ఉండొచ్చు. టెస్ట్ డ్రైవ్ అయ్యాక నాలుగు చక్రాల వేడినీ పోల్చండి, ఒకటి మిగతావాటికన్నా బాగా వేడెక్కితే అక్కడ బ్రేకు వదలడం లేదు. క్లచ్ ప్లేటు ఫ్లైవీల్‌కు అతుక్కుపోవడం కూడా ఇలాంటి బండ్లలో మామూలే.

ఏసీ కంప్రెసర్ సీలు ఎండి గ్యాసు పోవడం, షాక్ అబ్జార్బర్లు కారడం, ఇంజన్ మౌంటింగులు కుంగడం, బుష్‌లు పగలడం వయసుతో వచ్చేవే. స్టీరింగ్ వెనక మీటలతో గేర్లు మార్చే పాత హైడ్రాలిక్ గేర్‌బాక్సుల్లో పీడనం నిలవ ఉంచే అక్యుములేటర్ నైట్రోజన్ పీడనం కోల్పోతుంది, పంపు మాటిమాటికీ మోగుతుంది. 1990ల ఫెరారీల్లో స్విచ్చుల మీది మెత్తటి పూత జిగురుగా మారుతుంది, ప్రమాదం లేదు గానీ ఖర్చుంది. మొదటి తరం బాక్స్‌టర్‌లో టాప్ కింద నీరు పోయే రంధ్రాలు చెత్తతో మూసుకుపోతే నీళ్లు లోపలికి దిగి సీటు కింద ఉండే ఇమ్మొబిలైజర్ (దొంగ తాళానికి స్టార్ట్ కాకుండా ఆపేది) పెట్టె తడుస్తుంది. కార్పెట్ చేత్తో నొక్కి చూడండి. ఎయిర్ ఫిల్టర్ పెట్టె తెరిపించండి, ఎలుకలు గూడు కట్టిన ఆనవాలు ఉంటే వైర్లన్నీ చూడాలి.

ఎయిర్‌బ్యాగులను మర్చిపోతారు చాలామంది. టకాటా కంపెనీ ఇన్‌ఫ్లేటర్లలోని (బ్యాగును ఉబ్బించే పరికరాలు) అమ్మోనియం నైట్రేట్ వేడికీ, తేమకూ, కాలానికీ చెడి, పేలినప్పుడు లోహపు ముక్కలు విసురుతుంది. బండి నడవకపోయినా ఇది ఆగదు. ఛాసిస్ నంబరుతో రీకాల్ పని (కంపెనీ వెనక్కి పిలిచి లోపమున్న భాగం మార్చడం) పూర్తయిందో లేదో తయారీదారు దగ్గర సరిచూసుకోండి. పూర్తికాలేదంటే ఆ పని ముందు చేయించాకే నడపాలి.

తనిఖీ రోజు

ఇంజన్ చల్లగా ఉండాలని ముందే చెప్పండి. వెళ్లగానే ఎగ్జాస్టు, రేడియేటర్ దగ్గర చేయి పెట్టి చూడండి. వెచ్చగా ఉంటే ఏదో దాస్తున్నారనుకుని మరో రోజు వస్తామనండి. స్టార్ట్ చేయకముందు బ్యాటరీ 12.6 వోల్టుల దగ్గర, ఇంజన్ నడుస్తుంటే 13.8 నుంచి 14.4 మధ్య ఉండాలి. మొదటి పది సెకన్ల శబ్దం, ఆయిల్ ప్రెషర్ లైటు ఆరడానికి పట్టే సమయం, పొగ రంగు గమనించండి. సిలిండర్లు అడ్డంగా పడుకుని ఉండే పోర్షాలో కాస్త నీలిపొగ వచ్చి పోవడం వింత కాదు. ఆగకుండా వస్తుంటే వేరే సంగతి.

తర్వాత లిఫ్ట్ ఎక్కించి అడుగుభాగం చూడాలి. ఆయిలు చెమ్మ ఎక్కడిదో, బ్రేక్ పైపులకు తుప్పు ఎంతుందో, సీవీ బూట్లు (చక్రాల ఇరుసు కీళ్ల మీది రబ్బరు తొడుగులు) పగిలాయో లేదో అక్కడే తెలుస్తుంది. ప్లగ్గులు తీసి కంప్రెషన్ చూస్తే సిలిండర్ల మధ్య తేడా 10 శాతం లోపు ఉండాలి. సిలిండర్లోకి గాలి పంపి ఎంత కారుతుందో చూసే లీక్‌డౌన్ పరీక్షలో 10 శాతం లోపు మంచిది, 20 దాటితే లోపం ఉంది. బోర్‌స్కోప్ (సన్నటి కెమెరా) లోపలికి పంపి సిలిండర్ గోడల మీద తుప్పు గీతలు వెతకండి. చాలాకాలం ఆగిన ఇంజన్లో పిస్టన్ రింగులు అతుక్కుని లెక్కలు తక్కువ రావచ్చు. ‘నాలుగు రోజులు తిరిగితే సర్దుకుంటుంది’ అంటే, సర్దుకున్నాకే కొంటామని చెప్పండి.

ఈ తనిఖీ అమ్మేవాళ్ల మెకానిక్‌తో కాకుండా ఆ మోడల్ ఇంజన్లు విప్పిన అనుభవం ఉన్నవాళ్లతో చేయించండి. ఒప్పుకోకపోతే బండి వదిలేయండి. ఇక్కడ మొహమాటం పనికిరాదు.

ధర మాట్లాడేముందు టైర్లు, బెల్టు, హోసులు, అన్ని ఆయిళ్లు, బ్యాటరీ, బుష్‌లు, షాక్ అబ్జార్బర్లు, బ్రేకుల ఖర్చు రాసి కూడండి. పైన మరో మూడో వంతు కలపండి, ఎందుకంటే నిద్రపోయిన బండిలో లోపాలు మొదటి ఏడాదిలో ఒకటొకటిగా లేస్తాయి. అడిగిన ధరకు ఇదంతా కలిపితే వచ్చేదే ఆ బండి అసలు ధర. కంపెనీ ఆపేసిన విడిభాగాలేవో కూడా అప్పుడే కనుక్కోండి.

కొన్నాక మొదటి వెయ్యి కిలోమీటర్లు

ఏడాదికి మించి కదలని బండైతే ఇంటికి నడిపి తేవద్దు, వాహనం మీద ఎక్కించి తెచ్చుకోండి. పాత పెట్రోలు దించేయండి. ప్లగ్గులు తీసి ఒక్కో సిలిండర్లో ఐదు నుంచి పది మిల్లీలీటర్ల ఇంజన్ ఆయిలు వేసి రాత్రంతా ఉంచండి. మర్నాడు క్రాంక్ పుల్లీని పానాతో, ఇంజన్ మామూలుగా తిరిగే దిశలోనే, రెండు చుట్లు తిప్పండి. ఎక్కడైనా పట్టేస్తే బలవంతం చేయొద్దు. ఆ తర్వాత పెట్రోలు, ఇగ్నిషన్ అందకుండా చేసి, ఆయిల్ ప్రెషర్ వచ్చేదాకా స్టార్టర్‌తో కొద్దికొద్దిగా తిప్పండి. బెల్టు ఉన్న ఇంజనైతే కొత్త బెల్టు పడ్డాకే అసలు స్టార్ట్.

మొదటి 500 కిలోమీటర్లు మెల్లగా, రెడ్‌లైన్‌లో (ఇంజన్ తిరగగల గరిష్ఠ వేగం) సగం దాటకుండా నడపండి. ఎండిన సీళ్లు కొన్ని మెత్తబడి కారడం ఆపుతాయి, కొన్ని అప్పుడే కారడం మొదలెడతాయి. 500 దగ్గర ఆయిలు, ఫిల్టరు మళ్లీ మార్చి ఫిల్టరు కోసి చూడండి. ఆపైన దాచుకునే బండైనా రెండు మూడు వారాలకోసారి 30–40 నిమిషాలు రోడ్డు మీద తిప్పాలి. కూలెంట్ వేడెక్కిన చాలాసేపటికి గానీ ఆయిలు వేడెక్కదు, 90 డిగ్రీలు దాటితేనే దానిలోని తేమ ఆవిరవుతుంది. వారానికోసారి షెడ్డులోనే పది నిమిషాలు ఆడించి ఆపేసే అలవాటుంటే మానుకోండి, దానికన్నా బ్యాటరీకి మెయింటెనెన్స్ చార్జర్ పెట్టి ఇంజన్ జోలికి పోకపోవడమే నయం. ఆయిలు మాత్రం కిలోమీటర్లతో పనిలేకుండా ఏడాదికోసారి, బ్రేక్ ఆయిలు రెండేళ్లకోసారి మార్చండి. ప్రతిసారీ తేదీ, రీడింగు ఉన్న బిల్లు తీసుకుని దాచండి.