నెల మధ్యలో ప్లాన్ మారితే బిల్లు ఎలా వేయాలి

మా సాఫ్ట్‌వేర్ వాడేవాళ్ళలో ఎక్కువమంది గుంటూరు మిర్చి యార్డులో కమీషన్ కొట్లవాళ్ళు. మనిషికి ఇంత అని నెలవారీ చందా. సీజన్‌లో టిక్కీల (మిర్చి బస్తాల) రాక పెరిగితే గుమస్తాలూ పెరుగుతారు, పెద్ద ప్లాన్ కావాలంటారు. అదీ నెల మధ్యలోనే. విజయవాడ ఆఫీసులో ఆ బిల్లులు వేసేది నేను. "మొన్నేగా కట్టాం, మళ్ళీ ఇదేంటమ్మా?" అని ఫోన్ రాకూడదంటే, ఆ లెక్క వాళ్ళు కాగితం మీద వేసుకుని సరిచూసుకునేలా ఉండాలి.

పది మంది, మనిషికి 400 ప్లాన్ అనుకోండి. ఫిబ్రవరి ఒకటిన 4,000, పైన జీఎస్టీ కట్టారు. 15న 600 ప్లాన్‌కి మారి, ఇంకో ముగ్గురిని చేర్చారు. 28 రోజుల నెలలో 15తో కలిపి 14 రోజులు మిగిలాయి, అంటే సరిగ్గా సగం. పాత ప్లాన్‌లో వాడుకోని 2,000 వాళ్ళకి జమ. కొత్త ప్లాన్‌లో 13 మందికి సగం నెలకి 3,900. తేడా 1,900. దాని మీద 18 శాతం జీఎస్టీ. ఇద్దరమూ ఆంధ్రాలోనే కాబట్టి అందులో కేంద్రం వాటా సీజీఎస్టీ 171, రాష్ట్రం వాటా ఎస్‌జీఎస్టీ 171. మొత్తం 2,242.

ప్రతి నెలనీ 30తో భాగించకండి. ఫిబ్రవరి 15కి సగం నెల మిగిలితే, మార్చి 15కి 31లో 17 రోజులు మిగులుతాయి. పైసల్ని రౌండ్ చేయడం చివర్లో ఒక్కసారే. స్ట్రైప్ లాంటి ఆన్‌లైన్ చెల్లింపుల కంపెనీలు మామూలుగా సెకన్ల లెక్కన కడతాయి. నన్నడిగితే రోజుల లెక్కే మేలు. పొద్దున స్క్రీన్ మీద చూపించిన మొత్తం, సాయంత్రం ఇన్వాయిస్‌లో రూపాయి మారినా కొట్టువాళ్ళు ఊరుకోరు, ఊరుకోనక్కర్లేదు కూడా.

మీ ప్రోగ్రామ్ సరిగ్గా ఉందో లేదో ఇలా చూడండి. ముందు ముగ్గురిని పాత ధరకే చేర్చితే 600, తర్వాత 13 మందికీ ప్లాన్ పెంచితే 1,300. కలిపితే అదే 1,900. ఏది ముందు చేసినా మొత్తం ఒకటే రావాలి. రాలేదంటే జమ ఎక్కడో తప్పిపోయింది. మార్పు ఖాయం చేసే బటన్ పైనే జమ, ఖర్చు, తేడా మూడూ చూపించండి. పాత ఇన్వాయిస్ జోలికి పోకుండా తేడాకి విడిగా ఇన్వాయిస్ ఇవ్వండి.

అసలు టెన్షన్ మార్చి ఒకటిన. చాలామంది మర్చిపోయేది ఇదే. మొదట్లో నెలకి 4,720 కట్టేవాళ్ళు కాబట్టి ఆటోపే (ఖాతాలోంచి నెలనెలా దానంతటదే డబ్బు కట్ అయ్యే పద్ధతి) అనుమతి 5,000 వరకే ఇచ్చి ఉంటారు. ఇప్పుడు 13 మందికి 7,800, జీఎస్టీతో 9,204. ఆ డెబిట్ ఫెయిలవుతుంది, తెల్లారి వేలంపాటల వేళ గుమస్తాలకి లాగిన్ ఆగుతుంది. అందుకే ప్లాన్ మార్చిన రోజే కొత్త పరిమితితో అనుమతి తీసుకోండి. 15,000 దాటితే మాత్రం మాలాంటి చందాలకి ప్రతిసారీ ఓటీపీ ఉండాల్సిందే, అది రిజర్వ్ బ్యాంక్ నియమం. డెబిట్‌కి 24 గంటల ముందు కబురు కూడా వెళ్ళాలి. కాబట్టి నెల మధ్య తేడాకి ఆటోపే నమ్ముకోకుండా యూపీఐ లింక్ పంపడమే తేలిక. డబ్బు రావడానికి ఒక రోజు పట్టినా కొత్త గుమస్తా లాగిన్ వెంటనే ఇచ్చేయండి, యార్డులో సరుకు ఆగదు.

ఒక గుమస్తా మానేసి ఇంకొకరు వస్తే అది కొత్త మనిషి కింద లెక్క కాదు. పాత లాగిన్ తీసేసి అదే సీటు వాళ్ళకి ఇవ్వండి, బిల్లులో ఏమీ మారదు. మనుషుల్ని తగ్గించుకుంటామంటే వచ్చే నెల ఒకటి నుంచి తగ్గించండి. మధ్యలో వెనక్కిస్తే క్రెడిట్ నోటు (ఇచ్చిన బిల్లు తగ్గించినట్టు రాసిచ్చే కాగితం), దాని జీఎస్టీ సర్దుబాటు ఇద్దరికీ పనే. ఈ సంగతి చేరేరోజే చెప్పండి, వేసవిలో యార్డుకి సెలవులిచ్చే ముందు అందరూ అడిగేది అదే.