సన్నబడిన తొడ, గాలి పట్టీ: నా అనుభవం

మోకాలి శస్త్రచికిత్స తర్వాత నా కుడి తొడ సన్నబడి, మహబూబ్‌నగర్‌లో మా ఇంటి మెట్లు ఎక్కడమే కష్టమైంది. బరువులు పెంచితే మోకాలు వాచేది. తొడకు పట్టీ బిగించి రక్తప్రవాహాన్ని కొంత తగ్గించి, తేలికపాటి బరువులతోనే కండరం పెంచే పద్ధతి (బ్లడ్ ఫ్లో రిస్ట్రిక్షన్) కోసం సన్నని రబ్బరు పట్టీ బిగిస్తే కాలు తిమ్మిరెక్కేది.

చివరకు ఫిజియోథెరపిస్టు గాలి నింపి బిగించే వెడల్పాటి పట్టీని తొడ పైభాగాన, గజ్జకు దగ్గరగా చుట్టి, పాదంలో నాడి శబ్దం ఆగే పీడనాన్ని డాప్లర్‌తో (రక్తప్రవాహ శబ్దాన్ని వినిపించే పరికరంతో) కొలిచి, అందులో 60 శాతం వద్ద నిలిపారు. అసలు కీలకం ఈ కొలతే; ధమనుల రక్తం కొంత లోపలికి వస్తూనే ఉండాలి, సిరల రక్తం తిరిగిపోవడం మాత్రం తగ్గాలి. ఆపై ఎడమ కాలు ఎత్తగల గరిష్ఠ బరువులో 20 శాతంతో, కూర్చొని కాలు చాచే వ్యాయామాన్ని 30, 15, 15, 15 సార్లు, నడుమ 30 సెకన్ల విరామంతో, పట్టీ వదలకుండా చేసి, ముగియగానే గాలి తీసేశాను.

ఎనిమిది వారాలకు తొడ చుట్టుకొలత 2 సెంటీమీటర్లు పెరిగింది. అందులో రోజువారీ నడక పాత్ర ఎంతో విడదీసి చెప్పలేను. గతంలో కాలి సిరల్లో రక్తం గడ్డకట్టినవారు, రక్తపోటు అదుపులో లేనివారు వైద్యుణ్ణి అడగకుండా దీని జోలికి వెళ్లకూడదు.