శ్రీశైలం నడకకు బయల్దేరుతున్నారా? తడిబట్టతో మాత్రం కదలొద్దు

శివరాత్రికి శ్రీశైలం నడిచేవాళ్లు మా ప్రకాశం పడమటి ఊళ్లలో అప్పుడే మూటలు సర్దుకుంటున్నారు. రద్దీకి ముందే వెళ్లొద్దామని పోయిన వారం పొదిలి వైపు నుంచి బయల్దేరిన గుంపులో ఒకాయన దోర్నాల చేరకముందే ఆటో ఎక్కి వెనక్కి వచ్చేశాడు. కాళ్ల నొప్పులూ కాదు, ఆయాసమూ కాదు. రెండు తొడల లోపలి వైపు తోలు లేచిపోయింది. లుంగీ అంటుకుపోయి, విడదీస్తుంటే నీరు కారుతోంది. మర్నాటికి చలిజ్వరం. ఆస్పత్రిలో పరీక్ష చేస్తే షుగర్ కూడా బయటపడింది.

నీళ్లు తాగండి, తలకు గుడ్డ కట్టుకోండి లాంటివి అందరూ చెప్పేవే. నేను గట్టిగా చెప్పేది ఒక్కటి: తడిబట్టతో నడవొద్దు.

ఏటా చూస్తున్నదే ఇది. దారిలో బోరు కనిపిస్తే చాలు, నాలుగు చెంబులు పోసుకుని, "నడుస్తుంటే అదే ఆరుతుందిలే" అని తడి డ్రాయరు మీదే పంచె చుట్టేసి కదులుతారు. పైన పంచె ఆరుతుంది, గజ్జల్లో ఆరదు. నానిన చర్మం మెత్తబడి, మామూలప్పుడు ఏమీ చేయని రాపిడికే లేచిపోతుంది. దాని మీద చెమట ఆరి ఉప్పు పేరుకుంటే గరుకు కాగితంతో రుద్దినట్టే. దోర్నాల నుంచి పైకి 50 కిలోమీటర్ల దాకా ఉంది, అదీ ఘాట్ రోడ్డు. మంట పుట్టాక కాళ్లు ఎడంగా వేసి నడుస్తారు, దాంతో మోకాళ్లూ నడుమూ పట్టేస్తాయి. తడిబట్టతోనే దండం పెట్టుకోవాలనుంటే గుడి దగ్గర పెట్టుకోండి, రోడ్డు మీద వద్దు.

బట్టలు

లోపల తొడల సగం దాకా వచ్చే బిగుతు షార్ట్ వేసుకుంటే తొడకు తొడ తగలదు. నూలుది చెమట పట్టి ఉంచుకుంటుంది, సింథటిక్‌ది తొందరగా ఆరుతుంది. కొత్తదైతే ఒకసారి ఉతికి, ఊళ్లోనే కాస్త దూరం నడిచి చూసుకోండి. ఆడవాళ్లకు లంగా బొందు దగ్గర నడుము ఒరుసుకుపోతుంది. సన్నటి తాడు తీసేసి వెడల్పు పట్టీ వేయించుకోవాలి, లేదా చుడీదార్ మేలు. మొలతాడు సంగతి ఎవరూ పట్టించుకోరు. నానిన పాత మొలతాడు ఓ పట్టాన ఆరదు, కింద చర్మం ఎర్రగా కమిలిపోతుంది. కొత్తది కట్టుకున్నాకే పాతది తీయాలంటారు కదా, ఆ పనేదో ఇంటి దగ్గరే కానివ్వండి.

స్నానం

పూటపూటకూ సబ్బు అక్కర్లేదు. బోరు నీళ్లు ఉప్పగా ఉన్నచోట సబ్బు నురగా రాదు, పూర్తిగా పోనూ పోదు. మడతల్లో మిగిలి మంట పెడుతుంది. ఉత్త నీళ్లతో కడుక్కుని, పొడి తువ్వాలుతో అద్దుకోండి, రుద్దొద్దు. గజ్జలు, చంకలు, కాలివేళ్ల సందులు కూడా. ఆరేదాకా నీడలో కూర్చోండి, గుంపు ముందుకు వెళ్లిపోతుందని టెన్షన్ పడొద్దు. ఆరాకే తొడలకు వాజ్‌లైన్ పల్చగా రాయండి. కొబ్బరినూనె అయినా పర్వాలేదు కానీ మళ్లీ మళ్లీ రాయాల్సి వస్తుంది. తడి మీద పౌడర్ చల్లితే ముద్దకట్టి అదే ఒరుస్తుంది.

ఇక మిగతావి వరసగా:

మంట మొదలవగానే ఆగండి. "పైకెళ్లాక చూద్దాం" అనొద్దు.

తోలు లేచినచోట డెట్టాల్ నేరుగా పోయొద్దు. పసుపు, సున్నం పూయొద్దు. విభూతి కూడా.

మందుల షాపుకెళ్లి "దురదకు ఏదో ఒక ట్యూబ్ ఇవ్వు" అనొద్దు. క్లోబెటసాల్, బీటామెథసోన్ అని రాసి ఉంటే అది స్టెరాయిడ్. రెండు రోజులు హాయిగా ఉంటుంది, ఈలోపు తామర ముదురుతుంది, చర్మం పల్చబడుతుంది.

ఒకరి తువ్వాలు ఒకరు వాడొద్దు. లుంగీ అంతకన్నా వద్దు.

బొబ్బలు చిదమొద్దు.

నల్లమలలో పొదల చాటుకు వెళ్తే దూలగొండి కాయలు ఉన్నాయేమో చూసుకోండి. నూగు అంటితే గోకొద్దు, చేత్తో తుడవొద్దు. టేపు అంటించి లాగేసి, తర్వాత నీళ్లతో కడగండి.

షుగర్ ఉన్నవాళ్లు చెప్పుల్లేకుండా నడవొద్దు. మొక్కు ఉందా? స్వామికే చెప్పుకోండి. రాత్రి ఆగినచోట టార్చి వేయించి అరికాళ్లు ఇంకొకరికి చూపించండి, దెబ్బ తగిలినా మీకు తెలియకపోవచ్చు.

ఎరుపు పాకుతున్నా, చీము పట్టినా, జ్వరం వచ్చినా నడక బంద్. ఏ బండి దొరికితే అది ఎక్కి డాక్టరు దగ్గరికి పోండి.

తడిబట్టతో నడవొద్దు. రెండు పొడి డ్రాయర్లు ప్లాస్టిక్ కవర్లో చుట్టి మూటలో పైనే పెట్టండి. అడుగున ఉంటే తీయరు.

పాతాళగంగలో మునిగి అలాగే బస్సెక్కొద్దు. నడకంతా బాగానే ఉండి, తడి మీద ఒంగోలు దాకా కూర్చుని గజ్జలు పాడుచేసుకున్నవాళ్లూ ఉన్నారు.