పండక్కి ఊరెళ్ళే ముందు: డిప్రెషన్ నుంచి తేరుకున్నవాళ్ళకి కొన్ని జాగ్రత్తలు

సంక్రాంతి టికెట్లు నెలల ముందే చూసుకుంటాం. మాత్రల సంగతి మాత్రం బయల్దేరే రోజు సాయంత్రం గుర్తొస్తుంది. రెండేళ్ల కిందట నేనలాగే చేశాను. స్ట్రిప్‌లో నాలుగే మిగిలాయి, ఊళ్ళో కొనుక్కోవచ్చులే అనుకున్నాను. మా ఊరి మెడికల్ షాపులో ఆ మాత్ర లేదు, డాక్టరు చీటీ హైదరాబాద్‌లోనే ఉండిపోయింది. భోగికి అయిపోయాయి. ముక్కనుమ నాటికి తల తిప్పినప్పుడల్లా లోపల కరెంటు జిల్లుమన్నట్టు, నేల ఊగినట్టు ఉండేది. జబ్బు తిరగబెట్టిందని హడలిపోయాను. ఎస్సిటలోప్రామ్, సెర్ట్రలిన్ లాంటి డిప్రెషన్ మాత్రలు ఒక్కసారిగా ఆపితే కొద్ది రోజుల్లోనే ఒంట్లో ఇలా ఉండొచ్చని తర్వాత డాక్టరు చెప్పారు.

ఇప్పుడు సెలవుల కన్నా పది రోజులకి ఎక్కువే పట్టుకెళ్తాను. బస్సు డిక్కీలో పడేసే సూట్‌కేసులో కాకుండా చేతిసంచీలో పెట్టుకుంటాను. చీటీ ఫోటో ఫోన్‌లో ఉంటుంది. ఒక పూట మరిచిపోతే మర్నాడు రెండు కలిపి వేసుకోకండి.

ఊళ్ళో మా పెద్దమ్మ అడిగింది, "బాగానే ఉన్నావు కదా, ఇంకా ఆ మందులెందుకురా?" అని. నన్నడిగితే మనకి అసలు గండం ఈ "బాగానే ఉన్నావు" దగ్గరే. తేరుకున్నాక కూడా కనీసం 6 నెలలు మందు కొనసాగించమంటారు. ఒకటికి రెండుసార్లు వచ్చినవాళ్ళకి 2 ఏళ్ళు, కొందరికి ఇంకా ఎక్కువ. ఒకసారి వచ్చినవాళ్ళలో దాదాపు సగం మందికి మళ్ళీ వస్తుంది మరి. మానెయ్యాలనుంటే డాక్టరుతో మాట్లాడి, వారాలు, నెలల మీద మెల్లగా తగ్గించుకోవాలి. ఆ పని పండగ ముందు పెట్టుకోవద్దు. పెద్దమ్మకి ఇవన్నీ చెప్పలేదు. "నీ బీపీ మాత్ర లాంటిదే పెద్దమ్మా" అన్నాను. ఆవిడ బొడ్డున దోపుకున్న సంచీలోంచి తన మాత్ర తీసి చూసుకుని, పొద్దుట వేసుకోలేదని నాలిక్కరుచుకుంది.

పందేల దగ్గర ఎవరో ఒకరు గ్లాసు చేతికిస్తారు. ఆ మందుకీ ఈ మందుకీ పడదు. కాలు బెణికి ఆర్‌ఎంపీ దగ్గరికెళ్తే, ఏం మాత్రలు వాడుతున్నారో ముందే చెప్పండి. నొప్పికిచ్చే ట్రమడాల్ వీటితో కలిస్తే ప్రమాదం.

నిద్ర సంగతి ఇంకా ముఖ్యం. రాత్రి బస్సు, తెల్లారుజామున భోగిమంట, ఆ రాత్రి పేకాట. ఒక రాత్రి పోతే పోయింది, వరసగా మూడు పోనివ్వకండి. నాకైతే జబ్బు తిరగబెడుతోందనడానికి మొదటి గుర్తు, మూడున్నరకి మెలకువ వచ్చి మళ్ళీ పట్టకపోవడం. తర్వాత ఫోన్ మోగుతుంటే బోర్లా తిప్పి పెడతాను. ఆ తర్వాత స్నానం వాయిదా. అప్పటికి నాకేం తెలియదు, అందుకే తమ్ముడికి చెప్పి ఉంచాను: "రెండు రోజులు స్నానం ఎగ్గొడితే అడుగు, విసుక్కున్నా వదలకు." మీ గుర్తులు వేరే ఉండొచ్చు. కాగితం మీద రాసి ఇంట్లో ఒకరికివ్వండి.

చచ్చిపోవాలన్న ఆలోచన వస్తే "పండగ పూట ఎందుకులే" అని దాచుకోవద్దు. అప్పటికప్పుడు పక్కనున్నవాళ్ళకి చెప్పండి, ఆసుపత్రికి వెళ్ళండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416, రాత్రీ పగలూ ఉచితంగా తెలుగులోనే మాట్లాడతారు. ఇంట్లోవాళ్ళకి ఒక మాట: పురుగుమందు డబ్బాలు తాళం వేసి, తాళంచెవి మీ దగ్గరే ఉంచుకోండి.

కనుమ నాడు కాకి కూడా కదలదంటారు. మనం మాత్రం ఆ మర్నాడో, ఆ పై రోజో కదలాలి. అంత సందడి నుంచి వచ్చి తాళం తీస్తే గదిలో మూసి ఉంచిన వాసన, ఫ్రిజ్‌లో ఎండిన నిమ్మకాయ. నాకు ప్రతిసారీ గట్టిగా తగిలేది ఆ సాయంత్రమే. అందుకని ఊరెళ్ళే ముందే, వచ్చిన వారంలో డాక్టరు అపాయింట్‌మెంట్ తీసుకుంటున్నాను. ఈసారి తిరుగు టికెట్ కూడా ఆదివారానికి కాకుండా శనివారానికి చేసుకున్నాను. ఒక పూట బట్టలు ఉతుక్కోవడానికి, ఒక పూట పడుకోవడానికి.