కీల్ తుప్పు: గీకడం సులువే, ఉప్పే మొండిది

తెరచాప పడవ అడుగున చేప రెక్కలా కిందికి దిగి ఉండే బరువైన లోహపు భాగమే కీల్. గాలి ఒక పక్కకి తోస్తుంటే పడవ బోర్లా పడకుండా పట్టి ఉంచేది అదే. సీసంతో చేస్తే తుప్పు బెడదే లేదు కానీ ఖరీదెక్కువ, అందుకే చాలా పడవలకి పోత ఇనుమే. సౌతాంప్టన్ దగ్గర మేం ముగ్గురం కలిసి కొనుక్కున్న 26 అడుగుల పాత పడవకీ అదే ఉంది. మొదటి ఏడాది వైర్ బ్రష్‌తో రుద్ది, రెండు పూతలు కొట్టి, పక్కన నిలబడి ఫొటోలు కూడా దిగాం. సీజన్ అయ్యాక బయటికి తీస్తే మళ్లీ నారింజ రంగు బొబ్బలు!

పని మొదలుపెట్టే ముందు కీల్ పడవకి అతికే చోట చూడండి. అక్కడ పగులు ఉన్నా, లోపల బోల్టుల చుట్టూ తుప్పు నీళ్లు కారుతున్నా ఆగిపోండి, అది పెయింటుతో పోయేది కాదు, తెలిసినవాళ్లని పిలిచి చూపించాలి. 2014లో చీకీ రఫీకీ అనే పడవ అట్లాంటిక్‌లో కీల్ ఊడిపోయి తిరగబడింది, నలుగురూ పోయారు.

తర్వాత పాత యాంటీఫౌలింగ్. నాచూ గవ్వలూ పట్టకుండా వేసే విషపు పెయింటు అది, పొడిగా ఉండగా సాండింగ్ మాత్రం చేయొద్దు. కింద టార్పాలిన్ పరిచి, తడిపి గీకండి, మాస్కు, కళ్లజోడు, గ్లవ్స్ తప్పనిసరి.

ఇక తుప్పు. పొలుసులు సుత్తితో కొట్టి రాల్చాక గ్రైండర్‌కి 40 నంబర్ ఫ్లాప్ డిస్క్ (గరుకు కాగితం ముక్కలు పేర్చిన చక్రం) పెట్టండి. వైర్ బ్రష్ తుప్పుని తీయడం కంటే పాలిష్ చేస్తుంది, నల్లగా మెరిసేసరికి మనం అయిపోయిందనుకుంటాం, మేం మోసపోయింది అక్కడే. బూడిద రంగు ఇనుము కనబడేదాకా వదలొద్దు. పక్క పడవల మీద పాత దుప్పటి కప్పండి, నిప్పురవ్వలు తెల్లటి ఫైబర్ మీద పడితే వారంలో తుప్పు చుక్కలవుతాయి. మాకు ఒకాయన చేతిలో బాగానే అక్షింతలు పడ్డాయి.

ఇప్పుడు అసలు సంగతి. పోత ఇనుముకి సన్నటి గుంటలుంటాయి, వాటిలో ఉప్పు దాక్కుంటుంది. గ్రైండింగ్ అయ్యాక వేడి మంచినీళ్లతో గట్టిగా తోమి, ఒక రాత్రి వదిలేయండి. పొద్దున టార్చి వేసి దగ్గరగా చూస్తే కొన్ని గుంటల్లో చీమ తలంత తడి చుక్కలు, పలచటి డికాక్షన్ రంగులో కనిపిస్తాయి. అక్కడ ఉప్పు ఇంకా ఉన్నట్టే, ఆ గుంటల్ని మళ్లీ తవ్వి, కడిగి, ఇంకో రాత్రి ఆగాలి. మాకు మూడు రాత్రులు పట్టింది, ఓపికుంటే చాలు. పడవలు బాగుచేసే యార్డులో బ్లాస్టింగ్ (గరుకు రేణువుల్ని గాలితో జోరుగా కొట్టి తుప్పు వదలగొట్టడం) చేసేవాళ్లుంటే డబ్బు పెట్టడమే నయం.

చుక్కలు ఆగాక టెన్షన్ మొదలు. కడిగిన ఇనుము మీద కళ్ల ముందే పసుప్పచ్చని పొర వస్తుంది, కాబట్టి హీట్ గన్‌తో ఆరబెట్టి, పైపైన ఇంకోసారి డిస్క్ ఆడించి, దుమ్ము తుడిచి, గంట రెండు గంటల్లో మొదటి ప్రైమర్ (పెయింటు కింద వేసే పూత) పడిపోవాలి. రెండు డబ్బాలు కలిపే ఎపాక్సీ ప్రైమరే వాడండి. ఎండున్న రోజు చూసుకోండి, పది డిగ్రీల లోపు చాలా ఎపాక్సీలు సరిగ్గా గట్టిపడవు, మంచు పడే సాయంత్రం అసలు వద్దు. మొత్తం ఐదు కోట్లు (డబ్బు కాదు లెండి, పెయింటు), అంచుల మీద పెయింటు పలచబడుతుంది కాబట్టి అక్కడ బ్రష్‌తో అదనంగా ఒకటి. గుంటలుంటే మొదటి పూత తర్వాత ఎపాక్సీ పుట్టీతో పూడ్చండి. ఎంత గ్యాప్ ఇవ్వాలో డబ్బా మీదే రాసి ఉంటుంది.

చివరి ప్రైమర్ మీద బొటనవేలు ఆనిస్తే ముద్ర పడాలి కానీ వేలికి అంటకూడదు, యాంటీఫౌలింగ్ మొదటి పూత అప్పుడే వేయండి, బాగా పట్టుకుంటుంది. అందులో రాగి ఉంటుంది, నేరుగా ఇనుముకి తగిలితే తుప్పు ఇంకా జోరందుకుంటుంది, ప్రైమర్‌లో సూది మొన కూడా ఖాళీ ఉండకూడదనేది అందుకే.

కీల్ కింద చెక్క దిమ్మెలున్న చోటు అందరూ మర్చిపోతారు. నీళ్లలో దింపే ముందు రాత్రంతా పడవని క్రేన్ బెల్టుల్లోనే వేలాడనివ్వమని యార్డువాళ్లని ముందే అడిగి పెట్టుకోండి, ఆ జానెడు చోటుకి కూడా వీలైనంత వరకు ఇదంతా చేయాలి.