చంద్రుడి నేలను ఎండలో చదవడం ఎలా?

చంద్రుడికి సొంత వెలుగు లేదు. కక్ష్యలో తిరిగే నౌకలు పంపే ఫొటోల్లో మనం చూసేది ఆ నేల మీద పడి వెనక్కి వచ్చిన ఎండనే. కాబట్టి చిత్రం తెరవగానే గుంటల కోసం వెతకకండి. ఎండ ఎటు నుంచి పడుతోందో ముందు తేల్చుకోండి.

చంద్రుడి చుట్టూ తిరుగుతున్న నాసా వారి ఎల్‌ఆర్‌ఓ (లూనార్ రికనైసెన్స్ ఆర్బిటర్) నౌక 2009 నుంచి తీస్తున్న చిత్రాలు క్విక్‌మ్యాప్ వెబ్‌సైటులో ఉచితంగా దొరుకుతాయి. దక్షిణార్ధగోళంలో దాదాపు 85 కిలోమీటర్ల వెడల్పున్న టైకో బిలంతో మొదలుపెట్టండి. ఎండ వచ్చే వైపు గోడ నీడలో ఉంటుంది, ఎదుటి గోడ మెరుస్తుంది. గుంట కాస్తా దిబ్బలా కనిపిస్తే చిత్రాన్ని తలకిందులుగా తిప్పండి. వెలుగు పైనుంచే పడుతుందని అలవాటుపడిన కన్ను చేసే పొరపాటు అది.

తరువాత నీడను కొలవండి. ఈ పని మొత్తంలో నాకు అన్నిటికంటే ఇష్టమైన ఘట్టం ఇదే. చిత్రం వివరాల్లో పతన కోణం, అంటే నేలకు నిట్టనిలువుగా గీసిన గీతతో ఎండ చేసే కోణం, రాసి ఉంటుంది. అది 80 డిగ్రీలైతే సూర్యుడు క్షితిజానికి 10 డిగ్రీల ఎత్తులో ఉన్నట్టు. ఒక బండరాయి నీడ పొడవు 20 పిక్సెళ్లు అనుకుందాం. పిక్సెల్‌కు అర మీటరు చొప్పున 10 మీటర్లు. దాన్ని 10 డిగ్రీల టాంజెంటు విలువ 0.176తో గుణిస్తే 1.76 మీటర్లు. అంటే నిలబడ్డ మనిషంత ఎత్తు రాయి! అయితే చదును నేల మీదే ఈ లెక్క నిలుస్తుంది. వాలు మీద నీడ సాగనైనా సాగుతుంది, కుంచించుకునైనా పోతుంది.

ఇప్పుడు అదే చోటును సూర్యుడు బాగా పైకి వచ్చాక తీసిన చిత్రంలో చూడండి. నీడలు తగ్గి ఎత్తుపల్లాలు చదునైపోతాయి, నేల అసలు ఛాయ బయటపడుతుంది. టైకో చుట్టూ దూరదూరాలకు పరుచుకున్న తెల్లని చారలు అప్పుడే కళ్లకు కడతాయి. సౌర పవనం (సూర్యుడి నుంచి వెలువడే కణాల ప్రవాహం), సూక్ష్మ ఉల్కల తాకిడి ఇంకా పూర్తిగా నల్లబరచని కొత్త మట్టి అది. ‘సముద్రాలు’ అని పిలిచే మైదానాల నలుపు మాత్రం ఇనుము ఎక్కువగా ఉన్న బసాల్ట్ రాతిది.

ఖనిజాలు తేల్చాలంటే ఒక్క ఫొటో చాలదు, అనేక తరంగదైర్ఘ్యాల్లో కొలిచిన వెలుగు కావాలి. పైరాక్సీన్ ఖనిజం 1, 2 మైక్రోమీటర్ల దగ్గర వెలుగును పీల్చుకుంటుంది, గ్రాఫులో అక్కడ పల్లం పడుతుంది. ఒక బ్యాండులో (ఒక తరంగదైర్ఘ్యం దగ్గర) కొలిచిన వెలుగును మరో బ్యాండుతో భాగించి చూడండి. సూర్యుడి వైపు తిరిగిన వాలు అన్ని బ్యాండ్లలోనూ ఎక్కువగా మెరుస్తుంది కనుక, భాగిస్తే ఆ మెరుపు చాలావరకు కొట్టుకుపోయి రాతి గుణం మిగులుతుంది. శ్రీహరికోట నుంచి 2008లో వెళ్లిన చంద్రయాన్-1లోని నాసా పరికరం, 3 మైక్రోమీటర్ల సమీపంలో ఇలాంటి పల్లాన్నే పట్టుకుంది. చంద్రుడి మట్టిలో నీరు, హైడ్రాక్సిల్ (ఒక ఆక్సిజన్, ఒక హైడ్రోజన్ కలిసిన జంట) జాడ ఉందని 2009లో ప్రకటించింది దాని ఆధారంగానే.